పైకొచ్చాక తూకం

అత్తాకోడళ్ళు ఒకే చోట ఉద్యోగం చేస్తున్నారంటే ఎవరైనా ముందు జాలిపడతారు, తర్వాత వివరాలు అడుగుతారు. ఆనకట్ట తనిఖీ విభాగంలో అందరూ ఆ రెండూ చేసి అలిసిపోయారు. చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు మరి. అత్తగారి పని కింద నీళ్ళ దగ్గర, కోడలి పని పైన వర్క్‌షాపులో. మధ్యలో నూట ముప్పై రెండు మెట్లున్నాయి. కాపురాలు నిలబడడానికి ఆ మాత్రం దూరం చాలు.

అత్తగారు ఇరవై ఆరేళ్ళు డైవర్‌గా చేసింది. విభాగంలో అందరూ ఆవిడని మొసలమ్మ అంటారు, ఆవిడ ఎదురుగానే. చెవులు పాడై నీళ్ళలోకి దిగొద్దన్నాక, ఆవిడ బదులు పీత దిగడం మొదలుపెట్టింది. పీత అంటే సూట్‌కేసంత రోబో. ఒంటికి ఆరు ఫ్యాన్లు, ముందు ఒక కెమెరా, వెనక పొడుగాటి తీగ. జలాశయం మధ్యలో ఉన్న గోపురం అడుగున దాన్ని నీళ్ళలోకి వదిలి, గట్టు మీద నిలబడి, నీళ్ళు వదిలే ఇనుప తలుపుల మీద తుప్పూ గోడల్లో బీటలూ వెతకడం ఆవిడ పని. చేతిలో ఉన్నది చిన్న మీటల పెట్టే అయినా, పీత మలుపు తిరిగినప్పుడల్లా ఆవిడ భుజాలు కూడా అటే తిరిగేవి.

కోడలికి నీళ్ళంటే చచ్చేంత భయం. నీళ్ళలో తిరిగే యంత్రానికి భాగాలు గీసే మనిషి, ఉద్యోగంలో చేరిన మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మెట్లు దిగలేదు. తెర మీద గీస్తుంది, త్రీడీ ప్రింటర్‌లో అచ్చు తీస్తుంది, బల్ల మీద బిగిస్తుంది, తలుపు దాకా సాగనంపుతుంది. ఆ తర్వాత పీత ఏమైందో అత్తగారు ఇంటికొచ్చి చెబితేనే తెలుస్తుంది. ఈ ఏర్పాటులో తప్పేముందని ఇద్దరూ ఎప్పుడూ అనుకోలేదు.

అంతా సాఫీగా సాగుతుండగా అత్తగారి ఎడమ భుజంలో నరం తెగింది. మానింది గానీ, పన్నెండు కిలోలకు మించి ఎత్తకూడదని డాక్టరు కాగితం రాసిచ్చాడు. పీత బరువు పందొమ్మిది. గోపురం లోపలి మెట్లు ఒక మనిషి పట్టేంత వెడల్పే, ఇద్దరు చెరో పక్కా పట్టుకోవడం కుదరదు. తాడుతో దించుదామంటే తలుపుల ఇనుప కడ్డీలు అడుగడుగునా అడ్డం. మోయడానికి విడిగా మనిషిని విభాగం ఇవ్వదు, అంటే మోసేవాళ్ళే నడిపేవాళ్ళు. మోయలేకపోతే అంతే సంగతులు.

భద్రతాధికారిని అందరూ రూళ్ళకర్ర అంటారు. ఇది మాత్రం ఆయన ఎదురుగా అనరు. ఆయన చెడ్డవాడు కాదు. ఒకప్పుడు ఆ మెట్ల మీదే ఒక మనిషి జారిపడడం కళ్ళారా చూశాడు, అప్పటినుంచి నవ్వడం తగ్గించుకున్నాడు. డాక్టరు కాగితం రెండుసార్లు చదివి, ఆయన ఒకటే చెప్పాడు. పీత పన్నెండు కిలోల లోపుకి రావాలి, లేదా మొసలమ్మ పైన బొమ్మల గదికి మారాలి. బొమ్మల గదిలో పని, వేరేవాళ్ళు తీసుకొచ్చిన వీడియోలు చూసి బీటలు లెక్కపెట్టడం.

ఆ సాయంత్రం అత్తగారు వర్క్‌షాపుకి వచ్చి, కోడలి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. మామూలుగా ఆవిడ కూర్చునే రకం కాదు, గుమ్మంలోంచే మాట్లాడి వెళ్ళిపోతుంది.

"అమ్మాయ్, ఆ గదిలో కూర్చోబెడితే నేను బతికుండీ లేనట్టే. నీ మెషీన్‌తో ఏమన్నా అవుతుందా?"

అవుతుందో అవదో కోడలికి తెలియదు. అయినా అవుతుంది అత్తయ్యా అనేసింది. అని, ఆ రాత్రంతా తన నోటిని తనే తిట్టుకుంది.

పీతలో బరువంతా అల్యూమినియం చట్రానిదే. దాన్ని తీసేసి, నైలాన్ పొడితో అచ్చు తీయాలని కోడలి ఆలోచన. ఆ మెషీన్‌లో పొడిని పల్చగా పరిచి, కావలసిన చోట మాత్రమే లేజర్‌తో కరిగిస్తారు. దాని మీద మళ్ళీ పొడి, మళ్ళీ లేజర్. అలా పొర మీద పొర వేసుకుంటూ పోతే, ఏ అచ్చులోనూ పోయలేని, ఏ రంపానికీ అందని ఆకారాలు కూడా వచ్చేస్తాయి. లోపల గుల్లగా ఉండి, పైకి గట్టిగా ఉండేవి కూడా.

మొదట ఆమె గొట్టాలన్నీ మూసేసి, లోపల గాలి ఉండేలా చేసింది. ముచ్చటగా, తేలిగ్గా వచ్చాయి. లోతులో ఉండే ఒత్తిడి ఎంతో అంత ఒత్తిడి పెట్టి చూసే డ్రమ్ము ఒకటి వర్క్‌షాపులో ఉంది. అందులో పెట్టిన పావుగంటకి పటుక్కుమని శబ్దం వచ్చింది. మూత తీసి చూస్తే గొట్టం అప్పడంలా నలిగి ఉంది. కోడలికి ఏడుపొక్కటే తక్కువ. అత్తగారు ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, నీళ్ళతో కుస్తీ పట్టి గెలిచినవాళ్ళని తాను ఇంతవరకు చూడలేదనీ, వాటిని లోపలికి రానిస్తే ఏ గొడవా ఉండదనీ అంది. లోపలా బయటా నీళ్ళే ఉంటే ఇక నొక్కేది ఎవరు?

ఆ మాట పట్టుకుని కోడలు అయిదు వారాలు పనిచేసింది. పలుచటి పైతొడుగు, దాని లోపల సన్నటి గళ్ళ జాలీ, నీళ్ళు రావడానికీ పోవడానికీ అడుగున వరసగా రంధ్రాలు. గళ్ళు ఎంత చిన్నవైతే చట్రం అంత గట్టిగా ఉందని, ఆమె వాటిని చిన్నవి చేస్తూనే పోయింది. అచ్చు పూర్తయిన రోజు పొడి దిమ్మలో మోచేతుల దాకా చేతులు పెట్టి, కుంచెతో దులుపుతూ చట్రాన్ని బయటికి తీస్తుంటే, చంటిపిల్లకి నలుగు పెడుతున్నట్టుందని అత్తగారు వెక్కిరించింది. అన్నీ బిగించి కాటా మీద పెట్టారు. పదకొండు కిలోల నాలుగు వందల గ్రాములు.

రూళ్ళకర్ర కాటా వైపు, మొసలమ్మ వైపు, మళ్ళీ కాటా వైపు చూశాడు. గోపురం తలుపు దగ్గర తూచి, కాగితం మీద రాసి సంతకం పెట్టి దిగడం అక్కడి పద్ధతి. ఈ సీజన్లో మూడుసార్లు దిగి ఏ ఇబ్బందీ లేకుండా వస్తే, డాక్టరు కాగితం పక్కన తన కాగితం కూడా పెట్టి ఆవిడని అదే పనిలో ఉంచుతానన్నాడు. మొదటిసారి దిగి వచ్చిన అత్తగారు చెమటలు కక్కుతూ, పీత దూదిపింజలా ఉందని చెప్పింది. కోడలు ఆ రోజంతా నేల మీద నడవలేదు.

రెండోసారి దిగి వచ్చిన వారంలో ఇంట్లో ఒక కొత్త తంతు మొదలైంది. వంటింట్లో పై అరల్లో ఉండే డబ్బాలు ఒకటొకటిగా కిందికి దిగుతున్నాయి. ఒకరోజు పంచదార, మర్నాడు టీపొడి, ఆ తర్వాత పెద్ద గిన్నెలు. ఆ అరలు సర్దింది కోడలు. పైగా కొలతలు తీసి మరీ సర్దింది. అత్తగారు ఒక్క మాట కూడా అనకుండా అన్నీ తిరగేస్తోందంటే దానర్థమేమిటో కోడలికి ఎవరూ చెప్పక్కర్లేదు. తన సర్దుడు నచ్చలేదన్నమాట. ముఖాన చెప్పొచ్చుగా! ఆమె మూతి ముడుచుకుంది. రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడింది. మూడో రోజు పంతం పట్టి, పంచదార డబ్బాని తీసుకెళ్ళి మళ్ళీ పైన పెట్టింది. అత్తగారు ఆ పూట పంచదార లేకుండానే టీ తాగింది.

ఈ డబ్బాల యుద్ధాన్ని చూసి చూసి విసిగిపోయినవాడు మొగుడు. అతనికి మందుల షాపుంది, నోట్లో మాట దాగదు. ఆ డబ్బా కిందే ఉంచవే, అమ్మ ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు, నొప్పి తగ్గే మందు మూడు ట్యూబులు పట్టుకెళ్ళింది, నీకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది, అని మొత్తం కక్కేశాడు. కోడలికి ముందు తన మూతి ముడుపు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ తర్వాత ఇంకో సంగతి తోచింది. పదకొండున్నర కిలోలు కూడా లేనిదాన్ని మోస్తే చెయ్యి ఎందుకు లేవకుండా పోతుంది?

మర్నాడు వర్క్‌షాపుకి వెళ్ళేసరికి గది తుడిచే ఆవిడ ఒంటికాలి మీద లేచింది. మీ పీత కింద రోజూ గుడ్డలు పిండలేక చస్తున్నాను, దిగొచ్చి వారమైనా కారుతూనే ఉంది, దానికి జలుబు చేసిందా ఏమిటి అంది. కోడలు పీతని కాటా మీద పెట్టింది. వారం కారాక కూడా పన్నెండు కిలోల ఆరు వందలు. తర్వాత దాన్ని నీళ్ళ తొట్టిలో పూర్తిగా ముంచి, పైకి తీసి, వెంటనే తూచింది. పద్నాలుగు కిలోల ఆరు వందలు.

కోడలికి సంగతి అర్థమైంది. గట్టిదనం కోసం తాను చిన్నవి చేసిన ఆ గళ్ళు, పీల్చుకున్న నీళ్ళని స్పాంజిలా పట్టుకుని కూర్చున్నాయి. దిగేటప్పుడు తూచారు, రాశారు, సంతకాలు పెట్టారు. పైకొచ్చాక తూచాలని ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. మూడు కిలోల పైచిలుకు నీళ్ళని నూట ముప్పై రెండు మెట్లు రెండుసార్లు పైకి మోసిన మనిషి మాత్రం, దూదిపింజలా ఉందని చెప్పింది.

సాయంత్రం ఇంట్లో అడిగితే అత్తగారు కాసేపు నీళ్ళు నమిలింది. మోసేది తానైతే ఎవరికేం బాధ అని ఎదురు అడిగింది. ఇంకొక్కసారి దిగితే గట్టెక్కేస్తామంది. కోడలు వదల్లేదు. మొదటిసారే ఎందుకు చెప్పలేదని నిలదీసింది.

"నువ్వు ఆ చట్రాన్ని పొడిలోంచి తీస్తున్నప్పుడు నీ మొహం చూశానే. బరువుగా ఉందని ఎలా చెప్పమంటావ్?"

కోడలికి ఆవిడ మీద అంత కోపం, అంత ప్రేమ ఒకేసారి ఎప్పుడూ రాలేదు. కానీ మరో నరం తెగితే ఈసారి బొమ్మల గది కూడా దక్కదు. పొద్దున్నే ఆమె రూళ్ళకర్ర గదికి వెళ్ళి, పైకొచ్చాక తూకం ఎంతో తానే చెప్పింది. ఆయన, నిజానికి ఆ రెండుసార్లూ రద్దే అన్నాడు. చివరికి మూడు వారాలు గడువిచ్చాడు. ఈసారి కాటా మెట్ల పైన ఉంటుంది, తడిగా తూచుతాను, పన్నెండు దాటితే ఇక మాటల్లేవన్నాడు.

అత్తగారు కోడలితో మాట్లాడడం మానేసింది. ఇంట్లో అన్నం వడ్డిస్తుంది, గ్లాసులో నీళ్ళు పోస్తుంది, ఉలుకూ పలుకూ ఉండదు. నాలుగు రోజులు చూశాక కోడలికి తల ప్రాణం తోకకొచ్చింది. గళ్ళు పెద్దవి చేస్తే నీళ్ళు పట్టుకోవని తెలుస్తూనే ఉంది. చేసింది కూడా. అయినా తొట్టిలోంచి తీసి కాస్త వంచితే చాలు, కిలోన్నర లోపలే ఉండిపోతోంది. అడుగున అన్ని రంధ్రాలుంటే నీళ్ళు ఎందుకు పోవు? ఎంత బుర్ర గోక్కున్నా అర్థం కాలేదు. అయిదో రోజు అత్తగారి దగ్గరకెళ్ళి, ఖాళీ చట్రం ఒక్కటే మోసుకుని మెట్లు ఎక్కి చూపించమని, తాను వెనకాలే వస్తానని అడిగింది.

"కిందికి దిగుతావా? నువ్వా?" అంది అత్తగారు. నాలుగు రోజుల తర్వాత ఆవిడ మొదటి మాట అది.

దిగింది. రెయిలింగు గట్టిగా పట్టుకుని, కళ్ళు ఒక్కొక్క మెట్టు మీదే పెట్టి దిగింది. అడుగున నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. వాటి వైపు ఒకసారి చూసి, మళ్ళీ చూడకుండా గోడకి ఆనుకుని నిలబడింది. అత్తగారు చట్రాన్ని ఎత్తుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఎడమ భుజం కాపాడుకోవాలి కాబట్టి పట్టీని కుడి భుజానికి వేసుకుని, పీత తోక వైపు, అంటే తీగ ఉండే కొసని, తుంటి మీద ఆనించి, దాని ముక్కు పైకెత్తి నడుస్తోంది. మెట్లెక్కుతున్నంతసేపూ పీత దాదాపు నిలువుగా ఉంది. కోడలు అడుగున వరసగా పెట్టిన రంధ్రాలన్నీ గోడ వైపు చూస్తున్నాయి.

పదో మెట్టు దగ్గరే కోడలికి విషయం తెలిసిపోయింది. తెర మీదా బల్ల మీదా అడుగు అనుకున్నది, అత్తగారి తుంటి మీద అడుగు కాదు. నీళ్ళు పోవలసింది తోక మూల నుంచి. మూడేళ్ళుగా ఆ యంత్రాన్ని అణువణువూ ఎరిగున్నాననుకుంది. దాన్ని మనిషి ఎలా ఎత్తుకుంటుందో మాత్రం ఈ రోజే చూసింది.

మళ్ళీ గీసింది. ఈసారి గళ్ళు పెద్దవి, వాటి మధ్య దారులన్నీ తోక వైపే వాలుగా, తోక మూలన బొటనవేలు పట్టేంత నోరు. తుంటికి గుచ్చుకోకుండా ఆ మూలని గుండ్రంగా తీర్చింది. అందుకోసం టేపు పట్టుకుని వెనకాల తిరుగుతుంటే, దర్జీ దగ్గర కూడా ఇన్ని కొలతలు ఇవ్వలేదని అత్తగారు విసుక్కుంది. విసుగైనా సరే, మాటలు వచ్చాయి కదా అని కోడలు సంతోషించింది.

గడువు రోజున పీత దిగింది, గంటన్నర నీళ్ళలో తిరిగింది, పైకొచ్చింది. అత్తగారి కుడి కాలు తొడ నుంచి పాదం దాకా తడిసి ముద్దయింది. రూళ్ళకర్ర కాటా మీదికి వంగాడు. పదకొండు కిలోల తొమ్మిది వందలు. ఆయన జేబులోంచి కలం తీశాడు.

"సార్, రాయకండి," అంది అత్తగారు.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. పైన ఇంతే ఉంది గానీ కింద ఎత్తుకున్నప్పుడు ఇంకా ఎక్కువే ఉందనీ, పదమూడు కూడా ఉండొచ్చనీ, నీళ్ళు కాలి మీదుగా కారిపోతూ అరవయ్యో మెట్టు దగ్గర తేలికపడిందనీ ఆవిడ ఏ దాపరికం లేకుండా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ కోడలి వైపు చూడలేదు. కోడలికి ఒక క్షణం ఆవిడ నోరు మూసేద్దామనిపించింది. గెలిచినదాన్ని చేజేతులా వదులుకుంటోంది. మరుక్షణం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతిలో ఉన్న కలాన్ని ఏం చేయాలో తోచక రూళ్ళకర్ర అలాగే నిలబడ్డాడు.

అరవయ్యో మెట్టుకి రావడానికి ఎంతసేపు పట్టిందని కోడలు అడిగింది. నాలుగైదు నిమిషాలు పట్టి ఉంటుందంది అత్తగారు.

"అయితే ఆ అయిదు నిమిషాలూ పీతని కిందే తోక కిందికి పెట్టి వేలాడదీయండి అత్తయ్యా. కారిపోయాకే ఎత్తుకోండి. మీరు కాసేపు కూర్చోవాలి, అంతే."

మొసలమ్మ కూర్చోవడమా అన్నట్టు ఎవరో వెనకాల దగ్గారు. రూళ్ళకర్ర మాత్రం నవ్వలేదు. అయిదు నిమిషాలు ఆగడం నియమంలో రాయొచ్చు, కానీ ముందు తన కళ్ళతో చూడాలన్నాడు. మనిషి భుజానికి కాస్త విశ్రాంతి ఇచ్చి, మధ్యాహ్నం మళ్ళీ చూద్దామన్నాడు. వేలాడే కాటా ఒకటి చేతపట్టుకుని, ఆ ప్రమాదం చూశాక ఎప్పుడూ దిగని ఆ పెద్దమనిషి కూడా మెట్లు దిగాడు. ఆ ఒక్కసారికి పీతని వేరొకరు దించి పెట్టారు.

నీళ్ళలో ముంచి తీసిన పీతని రెయిలింగు కొక్కేనికి తగిలించారు. తోక మూల నుంచి మొదట ధారగా, తర్వాత సన్నగా నీళ్ళు కారాయి. అత్తాకోడళ్ళు అడుగు మెట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. మెట్టు వెడల్పు చాలక, ఒకరి భుజం ఒకరికి తగులుతోంది. ధార బొట్లయింది. బొట్లకీ బొట్లకీ మధ్య ఎడం పెరిగింది. రూళ్ళకర్ర గడియారం చూసి, కాటా తగిలించి, పదకొండు కిలోల ఏడు వందలని పైకే చదివి, కాగితం గోడకి ఆనించి రాశాడు. సంతకం కూడా అక్కడే పెట్టాడు.

అత్తగారు పట్టీ వేసుకుని లేచింది. వెనక కోడలు, ఆ వెనక రూళ్ళకర్ర. అరవై మెట్లు చకచకా ఎక్కింది, ఎనభై ఎక్కింది. తొంభయ్యో మెట్టు దాటాక, ఎవరూ అడక్కుండానే, రెయిలింగు పట్టుకుని నిలబడిపోయింది.

"భుజం బానే ఉందే. ఆయాసంగా ఉంది. కాసేపు ఆగుదాం," అంది.

ముగ్గురూ ఆగారు. వెనకాల ఆయన కూడా ఒగరుస్తున్నాడు. కోడలు పీత అడుగున ఒక చెయ్యి ఆనించి నిలబడింది. అత్తగారు ఆ చెయ్యి తీసెయ్యమనలేదు. కాసేపటికి ఆవిడే, పదండి అంది.